మాచర్ల మీదుగా అవతలి గట్టుకు

మాచర్ల గురించి ఎవరిచేతనైనా రాయించండి అని ఈ పత్రికకు మూడేళ్ళ కిందట మొదటి ఉత్తరం రాశాను. జవాబు లేదు. రెండోసారి జవాబు కార్డు జతపరిచాను, దాని మీద నా చిరునామా నేనే రాసి మరీ. ఆ కార్డు ఇప్పుడు ఎవరి బల్ల సొరుగులో ఉందో నాకు తెలియదు. ఈలోగా కాశీ వెళ్ళొచ్చినవారి కథనాలు రెండు వచ్చాయి. బదరీనాథ్ మంచు గురించి వచ్చింది. సింగపూరు వీధులు ఎంత శుభ్రంగా ఉంటాయో కూడా చదివాను. గుంటూరు జిల్లాకు పడమటి కొసన మాచర్ల అని ఒక ఊరుందనీ, పల్నాటి వీరులు కొలిచిన చెన్నకేశవుడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడనీ ఎవరికీ తోచలేదు. చివరికి నేనే వెళ్ళొచ్చి మూడో ఉత్తరం రాస్తే "పంపండి, చూస్తాం" అని ఒక్క వాక్యం వచ్చింది. సరే, చూడండి.

నేను చిలకలూరిపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాను. పుట్టింది ఇక్కడ కాదు. మా ఊరు ఓబులరేవు, మాచర్లకు పైన, కృష్ణ ఒడ్డున ఉండేది. సాగరం ఆనకట్ట కట్టినప్పుడు ఆ లోయలో మునిగిన ఊళ్ళలో అదొకటి. ఏటికి ఇవతల మేము, అవతలి గట్టున సుంకరిగూడెం. మా అక్క కోటమ్మను ఆ ఊరే ఇచ్చారు. అదీ మునిగింది. మేము ఇటు కిందికి దిగాం, వాళ్ళు అటు మిర్యాలగూడెం వైపు కాలవ కింద పొలాలు చూసుకున్నారు.

చైత్రమాసంలో చెన్నకేశవుడి తిరునాళ్ళ చూసి వస్తామని మిల్లులో చెప్పి సెలవు తీసుకున్నాను. అది అబద్ధం కాదు. అయితే అసలు పని వేరే ఉంది. మా అక్క కూతురి పెళ్ళి శుభలేఖ ఆ పెళ్ళి అయిపోయిన తర్వాత నాకు అందింది. ఆ పిల్లకు మేనమామను నేనొక్కడినే. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామ. మరి ఆ రోజు గంప ఎవరు మోశారు? పదిహేనేళ్ళుగా నేను అడుగుతున్నది ఇదొక్కటే. ఉత్తరాలలో అడిగాను, జవాబు రాలేదు. పిలవని ఇంటికి వెళ్ళి అడిగే అలవాటు నాకు లేదు. మునిగిన ఊళ్ళవాళ్ళు ఎక్కడ స్థిరపడినా తిరునాళ్ళకు మాచర్ల వస్తారని విన్నాను. అవతలి గట్టువాళ్ళు ఒక్కరైనా కనపడకపోతారా అని బయల్దేరాను.

నరసరావుపేట బస్టాండు

చిలకలూరిపేట నుంచి నరసరావుపేట దాకా ప్రయాణం హాయిగా సాగింది. దారిపొడుగునా కోటప్పకొండ కనపడుతూనే ఉంటుంది. ఏ పక్క నుంచి చూసినా మూడు శిఖరాలు కనపడతాయంటారు. నేను లెక్క సరిచూసుకున్నాను, కనపడ్డాయి. మా ఇంటావిడ రంగమ్మ బస్సులోంచే చేతులు జోడించింది.

నరసరావుపేటలో మాచర్ల బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేశాను. సీటు మీద తువ్వాలు పడితే ఆ సీటు ఆ తువ్వాలుగలవాడిది. ఈ న్యాయం మా చిలకలూరిపేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళేసరికి నా తువ్వాలు వీపు వెనక దిండులాగా పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. బోడిగుండు, మెడలో ఎర్ర కండువా.

"ఏమయ్యా, తువ్వాలు కనపళ్ళేదా?" అన్నాను.

"కనపడింది. మెత్తగా ఉంది."

"అది సీటు కోసం వేసింది."

"సీటు మీదే ఉంది గందా. నేనేమన్నా ఎత్తుకుపోయానా?"

బస్సంతా నవ్వింది. కండక్టరు నా మాట వినకుండానే "సర్దుకోండి పెద్దాయనా, సర్దుకోండి" అని ముందుకు పోయాడు. నాకు అప్పటికి యాభై కూడా నిండలేదు.

"కాసేపు నిలబడితే ఏం బోయిద్దయ్యా?" అంది రంగమ్మ. ఆమెకు ఎవరో ఆడవాళ్ళు చోటిచ్చారు. "నువ్వు కిటికీ కాడ కూసున్నా బయటికి జూస్తావా ఏంది? ఎవుర్నో ఒకర్ని తిట్టుకుంటా కూసుంటావు."

నిలబడే చూశాను. మిరప కోతలు అయిపోతున్న రోజులు. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో కాయలు ఎండబోసి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే నేల మీద ఎర్ర దుప్పటి పరిచి మరిచిపోయినట్టుంది. గాలి మళ్ళినప్పుడల్లా ఆ ఘాటుకు బస్సులో అందరూ ఒకేసారి తుమ్మారు. బోడిగుండాయన కూడా తుమ్మాడు. నా తువ్వాలుతోనే ముక్కు తుడుచుకున్నాడు.

కారెంపూడి

కారెంపూడిలో బస్సు టీ కోసం ఆగింది. దగ్గరే కదా అని రంగమ్మా నేనూ వీరుల గుడి చూడటానికి నడిచాం. పల్నాటి యుద్ధం ఇక్కడే నాగులేటి ఒడ్డున జరిగిందని చెబుతారు. వేసవి కాబట్టి ఏట్లో నీళ్ళు పాయలు పాయలుగా ఉన్నాయి, గేదెలు పడుకున్నాయి. అంత నెత్తురు పారిన చోటు ఇంత మామూలుగా ఉంటుందని నేను అనుకోలేదు. గుళ్ళో వీరుల పేరున నిలిపిన రాళ్ళకు కుంకుమ బొట్లు. ఒక్కొక్క రాయీ ఒక్కొక్క మనిషి. ఓడినవాళ్ళకూ ఇక్కడ పూజ జరుగుతుంది. అది నాకు నచ్చింది.

తిరిగొచ్చి టీ కొట్టు దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. మా ఊళ్ళో బజ్జీకి కాయ లోపల వాము, చింతపండు కూరుతారు. ఇక్కడ ఏమీ కూరరు. కాయ కారం కాయదే. టీ అర్ధరూపాయి, గ్లాసు మాత్రం మా గ్లాసులో సగం.

"కార్తీకంలో రావాల్సింది, పెద్దాయనా," అన్నాడు టీ కొట్టు మనిషి. మళ్ళీ పెద్దాయనే. "మా వీరుల తిరునాళ్ళప్పుడు చాపకూడు ఉంటది. ఏ కులమోళ్ళైనా సరే, ఒక్క చాప మీద కూసోని తినాల్సిందే."

"దానికి ఎవరు పిలుస్తారు?" అని అడిగాను.

"పిలవటమేంది? చాప పరుస్తారు. వచ్చినోడు కూసుంటాడు."

"పిలవకుండా ఎట్లా కూర్చుంటారు?"

అతను నా వైపు వింతగా చూశాడు. రంగమ్మ అందుకుంది. "ఆయనకి చాప కూడా శుభలేఖ వెయ్యాల, అన్నా. వేసినా పెళ్ళికి ముందు అందాల."

ఈ మాటల్లో పడి బస్సు సంగతి మరిచిపోయాం. హారను విని పరిగెత్తేసరికి బస్సు కదిలి కొంచెం దూరం వెళ్ళి ఆగింది. కిటికీలోంచి బోడిగుండాయన తల బయట పెట్టి కండక్టరుతో అరుస్తున్నాడు. "ఆపండయ్యా! తువ్వాలాయన ఎక్కలా!"

బస్సు ఆపించినందుకు అతనికి ఏమీ చెప్పలేదు. సీటు ఇచ్చి ఉంటే చెప్పేవాణ్ణి.

మాచర్ల

మాచర్ల దగ్గరపడుతున్నకొద్దీ నేల రంగు మారుతుంది. మట్టి పలచబడి రాయి పైకి తేలుతుంది. నాపరాయి. మేము ఆ రాళ్ళను డబ్బు పెట్టి కొని ఇంట్లో పరుచుకుంటాం. ఇక్కడ వాటిని నిలువుగా పాతి దొడ్లకు దడి కడతారు. కొట్టాల పైకప్పు, కాలవ దాటే పలక, బట్టలుతికే బండ, అన్నీ అదే రాయి. చిన్నప్పుడు నాకు ఇవన్నీ రోజూ చూసేవే. ఇప్పుడు వాటిని చూడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాను. దుమ్మని చెప్పి సోడా తాగాను.

బస్టాండులో మస్తాను కలిశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. జీపు అతనిదే. నడిపేదీ అతనే, చెడితే బాగుచేసుకునేదీ అతనే. చేతులకు గ్రీజు మరకలు ఎప్పుడూ ఉంటాయి. ఎత్తిపోతలకూ అనుపుకూ జనాన్ని తిప్పుతుంటాడు.

"ఏ ఊరు బాబాయ్?" అన్నాడు.

"చిలకలూరిపేట," అన్నాను. ఆ తర్వాత ఎందుకో, "అసలు ఓబులరేవు," అని కలిపాను.

"మునిగిన ఊరా? మా నాన్న ఆ రోజుల్లో ఆ ఊళ్ళ సామాను బండ్ల మీద దిగేసినోడే. దూలాలు, తలుపులు, తిరగళ్ళు. ఒక ముసలామె పొయ్యి రాళ్ళు మూడు ఒళ్ళో పెట్టుకోని వచ్చిందంట." నా సంచి తీసుకుని జీపులో వేశాడు. "పద బాబాయ్, సత్రం కాడ దింపుతా. దానికి బాడుగ ఏందిలే."

మాచర్లలో నన్ను ముందుగా పలకరించింది ఇతను. అది రాయకపోతే తప్పు.

గుడి చంద్రవంక వాగు పక్కన ఉంటుంది. తిరునాళ్ళ జనం వీధి చివరి నుంచే మొదలు. గాజులు, రంగుల బూరలు, పుచ్చకాయ ముక్కలు, మేదర్లు అల్లి తెచ్చిన గంపలూ చేటలూ. రంగమ్మ ఒక పెద్ద గంప బేరం ఆడి కొనేసింది. ఇంత గంప మనకెందుకే అంటే "మిరపకాయలు పోసుకోడానికి" అంది. దాన్ని మోయడం మాత్రం నా వంతు.

మండపం స్తంభాల మీద శిల్పాలు చూస్తూ లోపలికి వెళ్ళాం. వందల ఏళ్ళుగా చేతులు తగిలి తగిలి ఆ బొమ్మల మోకాళ్ళూ ముక్కులూ నున్నబడ్డాయి. చిన్నప్పుడు ఓబులరేవు నుంచి మా అక్క నన్ను ఇక్కడికి నడిపించుకొచ్చేది. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. ఏనుగు బొమ్మ ఉన్న ఒక స్తంభం దగ్గర నన్ను నిలబెట్టి "కదిలావంటే దేవుడు జూస్తాడు" అని కొబ్బరికాయ తేవడానికి వెళ్ళేది. ఆ స్తంభం దొరికింది. ఏనుగు నా నడుము దాకా కూడా లేదు. అప్పుడు అది నా కంటే ఎత్తుగా ఉండేది.

దర్శనం నిమిషం కూడా దక్కలేదు. పూలలో మునిగిన దేవుడి ముఖం మాత్రం కనపడింది. నేను అడగదలుచుకున్నది సగంలో ఉండగానే వెనకవాళ్ళు తోశారు. పులిహోర బాగుంది. మెంతిపొడి వేశారు, మా వైపు వెయ్యరు. బయటికి వస్తే నా చెప్పులు లేవు. ఉగాదికి కొన్నవి.

"గుళ్ళో చెప్పులు పోతే దోషం పోయినట్టంటారు గదా బాబాయ్," అన్నాడు గుడి బయట జీపుతో ఆగి ఉన్న మస్తాను.

"నా దోషం అంత కొత్తది కాదు," అన్నాను.

చంద్రవంక ఒడ్డున

దూరం నుంచి బండ్ల మీదా బస్సుల్లోనూ వచ్చినవాళ్ళు వాగు ఒడ్డున దిగి వండుకుంటున్నారు. సాయంత్రం అక్కడ తిరిగాను. ఏ ఊరు అని అడిగితే కొందరు రెండు పేర్లు చెబుతారు. ముందు ఇప్పుడుంటున్న ఊరు. కాసేపాగి, గొంతు తగ్గించి, మునిగిన ఊరు. ఆ రెండో పేరు వినగానే పక్క పొయ్యి దగ్గరివాళ్ళు తల తిప్పి చూస్తారు. అవతలి గట్టువాళ్ళు మాత్రం ఎవరూ తగల్లేదు. పొద్దు వాలుతోంది. వెనక్కి తిరిగి చూస్తే రంగమ్మ లేదు.

గంప నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలాగా పట్టి పిలిచాను. "రంగో... ఓ... ఓ..."

మా రేవులో అలాగే పిలిచేవాళ్ళం. పేరు చివర స్వరాన్ని సాగదీసి, కొసకు పైకి ఎత్తి వదలాలి. అప్పుడే అది నీళ్ళ మీద సాగి అవతలికి చేరుతుంది. పట్నంలో ఇలా పిలిస్తే నవ్వుతారు కాబట్టి ఏళ్ళ తరబడి నేను ఈ కేక వెయ్యలేదు.

"ఓ...య్!" అని పలుకు వచ్చింది. రంగమ్మది కాదు. పక్కనే పొయ్యి ముందు కూర్చున్న ఒక ముసలామె పలికింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"మిమ్మల్ని కాదమ్మా. మా ఆవిడను పిలిచాను."

"ఎవరిని పిలిస్తేంది? గట్ల పిలిస్తే పలకాలె గద." ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వు ఏటి గట్టోనివా?"

ఇది తెలియనివారికి కాస్త చెప్పాలి. తట్టలాంటి గుండ్రటి పుట్టిలో ఏరు దాటడానికి వచ్చినవాళ్ళు మా రేవు బండ మీద నిలబడి అవతలి ఒడ్డున తమవాళ్ళ పేరు పెట్టి పిలిచేవారు. ఆ కేక ఎవరి చెవిన పడితే వాళ్ళు పలకాలి. వస్తున్నా అనవచ్చు. ఇవాళ రాలేను అనవచ్చు. ఆ మనిషి ఊళ్ళో లేడు అనవచ్చు. ఊరుకోవడం మాత్రం కుదరదు. పిలిచినవాడు కూడా పలుకు వినకుండా బండ దిగకూడదు. అదే రేవు మర్యాద. ఒకసారి, అప్పుడు నేను పన్నెండేళ్ళవాణ్ణి, సంకటీ మామిడికాయ పచ్చడీ పట్టుకొచ్చి "కోటక్కో" అని చీకటిపడేదాకా పిలిచాను. ఎవరూ పలకలేదు. ఏడ్చుకుంటూ నిలబడ్డాను. చివరికి అవతల దివిటీ వెలిగింది, ఆడగొంతు ఒకటి "ఓయ్, మీ అక్కకు బిడ్డ పుట్టింది" అని పలికింది. ఆ బిడ్డే నేను గంప మోయాల్సిన పిల్ల.

"ఓబులరేవు," అన్నాను ముసలామెతో.

"ఓబులరేవా! మాది సుంకరిగూడెం." గరిటె కింద పెట్టింది. ఆమె పేరు ఎల్లమ్మ. నా ముఖంలోకి చూసి, "ఆ చెవులు చూడు... కోటమ్మ తమ్మునివి గాదు? చెన్నిగానివి?"

"చెన్నయ్యను."

"అగో, నువ్వే. మీ అక్క గింత వయసొచ్చినా చెన్నిగాడనే అంటది."

"ఉందా?" అన్నాను.

"ఉండక ఏడికి పోతది? మోకాళ్ళు పట్టేసినయ్. గందుకే ఈపాలి రాలే."

అప్పటికి రంగమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. నేను కూర్చోలేదు. నిలబడే అడిగాను. "మా మేనకోడలి పెళ్ళికి మీరున్నారా?"

"ఉన్న. పప్పు నేనే వండిన."

"గంప ఎవరు మోశారు?"

"గంపనా? ఎవ్వరు మొయ్యలే."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"పిల్లను గంపల కూసోబెట్టిన్రు. నువ్వు రాకపోతివి. మీ బావ తమ్ముడు మోస్తనని లేచిండు. మీ అక్క గంప అంచు పట్టుకొని ఇడువలే. దీన్ని మోసేటోడు ఒక్కడే ఉన్నడు, ఆడు రాలే, నా బిడ్డ నడిచొస్తది అన్నది. పంతులు లగ్గం దాటుతదని ఒకటే మొత్తుకునుడు. పిల్ల గంపలకెల్లి దిగి నడిచింది. గంప ఆడనే ఉండె."

పొయ్యి మీద చారు పొంగింది. రంగమ్మ వంగి మూత తీసింది.

"మరి నాకు ఎందుకు రాయలేదు?" అన్నాను. "అన్ని ఉత్తరాలు రాశాను. ఒక్కదానికైనా..."

"ఆమెకు సదువొచ్చునా? ఎవరో సదివి పెడతరు, ఇంటది. ఇని ఏమంటదో ఎరుకనా? ఆడు కాయితం పంపుతడు గని నన్ను పిలువడు. గట్టుకొచ్చి పిలిస్తే పలుకనా నేను, అంటది."

"గట్టు ఎక్కడుందమ్మా? మునిగిపోయింది గదా."

"గట్టు మునుగుతదా అయ్యా?" ఎల్లమ్మ నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. "నీళ్ళు పెరిగితే గట్టు మీదికి జరుగుతది. గంతే."

జొన్నరొట్టె, పప్పు పెట్టింది. వద్దనలేదు. ఆమె తినమని పిలిచిందో లేదో ఇప్పుడు ఆలోచిస్తే గుర్తు రావడం లేదు. ఆకు ముందుంది, కూర్చున్నాను.

సత్రానికి నడుస్తూ రంగమ్మ అంది. "సాగర్ కట్ట మీంచి మిర్యాలగూడేనికి బస్సులున్నాయంట. బోదాం పద."

"పిలిచిందా?"

"గంప పట్టుకోని వదల్లేదంట గదయ్యా!"

"శుభలేఖ ముందు పోస్టు చేసుంటే నేనే పట్టుకునేవాణ్ణి," అన్నాను. ఇప్పటికీ నా మాట అదే.

ఎత్తిపోతల

మర్నాడు మస్తాను జీపులో బయల్దేరాం. అప్పటికే ముందు సీట్లో ఒకాయన కూర్చుని ఉన్నాడు. బోడిగుండు, ఎర్ర కండువా.

"ఓ, తువ్వాలాయనా!" అన్నాడు ఎంతో చుట్టంలాగా. "మళ్ళీ నీ సీట్లోనే కూసున్నట్టున్నానే?"

వెనక కూర్చున్నాం, గంపతో సహా.

ఎత్తిపోతల పెద్ద జలపాతం. పైన మాచర్ల గుడి పక్కన పారే చంద్రవంకే ఇక్కడ కొండ అంచు నుంచి కిందికి దూకుతుంది. మేము వెళ్ళింది వేసవి కాబట్టి తెల్లటి జడ ఒకటి కిందికి వేలాడినట్టుంది. "వానలయినాక రావాల బాబాయ్. ఇక్కడ నిలబడితే మాట వినపడదు," అన్నాడు మస్తాను, అది తన తప్పయినట్టు. కింద మడుగులో మొసళ్ళున్నాయి. బండ మీద బండలాగా పడుకున్న ఒకదాన్ని చూపించాడు. అది కళ్ళు కూడా తెరవలేదు. పైన తాటిముంజలు అమ్ముతున్నారు. అప్పుడే దిగిన లేత ముంజలు, రూపాయికి చేతినిండా. మా ఊరికి చేరేసరికి అవి ముదిరిపోతాయి. ఇక్కడ వేలు పెడితే నీళ్ళు చిమ్ముతాయి. నా చొక్కా మీద చిమ్మాయి. మరక ఇంకా ఉంది.

అనుపు

నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళ్ళాలి. మేము చేరేసరికి అది వెళ్ళిపోయింది. అందుకని మస్తాను మమ్మల్ని తిన్నగా అనుపు తీసుకెళ్ళాడు.

నీళ్ళు రాకముందు లోయలో తవ్వి తీసిన పాత కట్టడాలను ఇక్కడికి తెచ్చి మళ్ళీ పేర్చారు. వాటిలో ఒక రంగస్థలం ఉంది. మధ్య చదరంగా నేల, నాలుగు వైపులా రాతి మెట్లు. ఎప్పటి రాజులో కట్టించింది. నేల మీద నిలబడి మెల్లగా మాట్లాడినా పై మెట్టు మీది మనిషికి వినపడుతుంది. మస్తాను నన్ను పైకి ఎక్కించి రంగమ్మను కిందే నిలబెట్టాడు.

"ఏమన్నా అను పిన్నీ, మెల్లగా."

రంగమ్మ తల పైకెత్తనైనా ఎత్తలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఏదో గొణిగింది. నా చెవి పక్కనే నిలబడి అన్నట్టు వినపడింది.

"మొండోడు."

పై మెట్టు మీద కూర్చుండిపోయాను. మాటకు మాట వినపడే చోటు ఒకటి ఆ లోయలో ఉందని గుర్తించి దాన్ని రాయి రాయీ జాగ్రత్తగా పైకి తెచ్చారు. మంచిపనే. మా రేవు బండ కూడా అలాంటి చోటే. దాన్ని తెమ్మని ఎవరిని అడగాలో మాకు తెలియలేదు.

అక్కడి నుంచి నీళ్ళ ఒడ్డుకు దిగాం. సముద్రం లాంటి నీలం. నేను పుట్టినచోటి ఏరు నిక్కచ్చిగా ఇంత వెడల్పని చేతులు చాచి చూపించగలిగేవాణ్ణి. దీనికి అవతలి ఒడ్డున కొండలు పొగలాగా ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు తెలిసిన కొండ. నడుము దాకా మునిగింది గాని తల అదే, ఒక పక్క చెక్కేసినట్టు. దాని కిందే సుంకరిగూడెం. అంటే మా బండ ఇక్కడికి ఎదురుగా, నీళ్ళ అడుగున, ఎంత లోతునో.

గంప దించి ఒడ్డున పెట్టాను. పాదాలు తడిసేదాకా దిగాను. చేతులు దొప్ప పట్టాను.

"కోటక్కో... ఓ... ఓ..."

"ఓ...య్!" అని వెంటనే వెనక నుంచి పలుకు. తిరిగి చూస్తే బోడిగుండాయన. జీపులో వచ్చినవాళ్ళంతా పడీపడీ నవ్వుతున్నారు.

"నువ్వు పలికితే చెల్లదు," అన్నాను.

నా గొంతులో ఏం వినపడిందో, అతని నవ్వు ఆగింది. "ఎవుర్ని పిలిచావయ్యా?"

"మా అక్కని. అవతల ఉంది."

అతను నీళ్ళ వైపు చూశాడు. మెడలోని కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏమనుకోబాక. అట్టా పిలిస్తే పలకబుద్ధయింది." వెనక్కి తిరిగి మిగతావాళ్ళతో, "ఒరేయ్, నోరు మూసుకోండి. ఆయన్ని పిలవనీండి," అన్నాడు.

మస్తాను వెళ్ళి, అంతదాకా ఆడుతున్న జీపు ఇంజను ఆపాడు. రెండోసారి పిలిచాను. ఈసారి కేక కొసకు పైకి లేచింది, మా నాన్న నేర్పినట్టే. నీళ్ళ మీద అది సాగిపోవడం చూస్తున్నట్టే ఉంది. నిలబడ్డాను. మీద ఒక కొంగ పోయింది. చిన్న అలలు కాళ్ళకు తగులుతున్నాయి. పలుకు రాలేదు.

"చానా దూరం గదా బాబాయ్," అన్నాడు మస్తాను చివరికి.

గురజాల మీదుగా రైలు

తిరుగు ప్రయాణం మాచర్ల నుంచి గుంటూరు రైల్లో. చిన్న పట్టాల బండి. గురజాల, నడికుడి స్టేషన్లలో పిల్లలు పెట్టె పక్కనే పరిగెత్తి ఎక్కగలిగేంత నెమ్మదిగా వెళ్ళింది. గురజాలలో మిరప బస్తాలు ఎక్కించారు. మళ్ళీ అందరం తుమ్మాం. నా ఒళ్ళో గంప. ఎదురుగా కూర్చున్న ఆమె, "పెళ్ళిగంపా అన్నా?" అంది. మిరపకాయలకు అని చెప్పాను. రంగమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నరసరావుపేటలో పోయిన కిటికీ సీటు దొరికింది గాని నేను ఆమెకే ఇచ్చాను.

"ఆ కేక మిర్యాలగూడెం దాకా వినపడుద్దంటావా?" అంది కాసేపటికి.

"వినపడేట్టు చేస్తాను," అన్నాను. ఈ పత్రిక అవతలి గట్టున కూడా అమ్ముతారు. అందుకే మూడో ఉత్తరం రాశాను. అందుకే సంపాదకులు దీన్ని సొరుగులో పెట్టకూడదు.

గంప మా వసారాలో ఉంది. మిరపకాయలు ఇంకా పొయ్యలేదు.

కోటక్కా, ఇది నీకు ఎవరు చదివి వినిపిస్తున్నారో నాకు తెలియదు. ఎవరైనా సరే, నెమ్మదిగా చదవమను. నా శుభలేఖ ఆలస్యమైన సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోను. దాని లెక్క మనిద్దరం ఎదురుపడినప్పుడు తేల్చుకుందాం. కాని నేను గట్టుకు వచ్చి పిలవలేదనే మాట ఇక నువ్వు అనడానికి వీల్లేదు. వచ్చాను. రెండుసార్లు పిలిచాను. మీ మరదలు, జీపు మస్తాను, నా తువ్వాలు మీద కూర్చున్న ఆ పెద్దమనిషి సాక్షులు. గంప నువ్వు వదల్లేదని ఎల్లమ్మ చెప్పింది. పిలుపు నేను వదల్లేదని నువ్వూ విను.

రేవు మర్యాద నీకు తెలుసు, నాకు నేర్పింది నువ్వే. రమ్మను. రావద్దను. ఇవాళ కాదు, ఇంకోనాడు అను. ఊరుకోవడం మాత్రం లేదు. పలుకు వినకుండా పిలిచినవాడు బండ దిగకూడదు. నేను ఇంకా దిగలేదు.

కోటక్కో, పలుకు.